తాతగారి దావా కాగితాలు ఎవరిని అడగాలి?

ప్రశ్న: మా తాతగారికీ ఆయన తమ్ముళ్లకూ మధ్య పొలం గురించి 1980ల్లో మున్సిఫ్ కోర్టులో పార్టిషన్ (పంపకాల) దావా నడిచింది. తాతగారు లేరు, ఆ దావా చూసిన ప్లీడరుగారూ పోయారు. తాతగారికి మా అమ్మ ఒక్కతే కూతురు, ఆమె కూడా కాలం చేసింది. చిన్నతాత కొడుకులు ‘డిక్రీ మా పక్షానే ఉంది’ అంటారు గానీ కాగితం చూపించరు. నేను కోర్టుకు వెళ్లి అడిగితే ‘నంబరు ఉందా? మీరు పార్టీయా?’ అన్నారు. రెండూ కాదనేసరికి పంపించేశారు. ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద అడగమని మా అబ్బాయి అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. కోర్టు రికార్డు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. మన దేశంలో విచారణ బహిరంగంగా జరగాలన్నది నియమం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 153-బి సెక్షన్ ఆ మాటే చెబుతుంది. దావాలో పార్టీ (అంటే వాది లేదా ప్రతివాది) కానివాళ్లు కూడా తగిన కారణం చూపించి నకళ్లు తీసుకోవచ్చు. మిమ్మల్ని అడిగిన ఆ రెండు ప్రశ్నలూ సరైనవే. ‘కాదు’ అన్నాక ఏం చెయ్యాలో చెప్పకుండా పంపించెయ్యడమే అన్యాయం. నేను కోర్టులో నకళ్లు ఇచ్చే కాపీయింగ్ సెక్షన్‌లోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మీలాంటివాళ్లు మెట్లు దిగి వెళ్లిపోతుంటే ఇప్పటికీ మనసు ఊరుకోదు.

నంబరు సంగతి చూద్దాం. కోర్టులో దావాలకు ఏ ఏటికా ఏడు ఒకటి నుంచి నంబర్లు మొదలవుతాయి. అందుకే ‘ఓ.ఎస్. 112’ అంటే సరిపోదు, పక్కన సంవత్సరం ఉండాలి, ఏ కోర్టో తెలియాలి. ఓ.ఎస్. అంటే అసలు దావా. అప్పీలైతే ఏ.ఎస్., డిక్రీ (తీర్పు ప్రకారం కోర్టు రాసిచ్చే ఆదేశం) అమలుకు వేసింది ఈ.పీ., మధ్యలో వేసిన పిటిషన్ ఐ.ఏ. ఇంట్లో పాత ట్రంకు పెట్టె తీసి చూడండి. సమన్లు, ప్లీడరుగారు రాసిన కార్డు, పొలం కొలతకు వచ్చిన అడ్వకేట్ కమిషనర్ నోటీసు, సాక్షికి బత్తా కట్టిన రసీదు, వీటిలో ఏ ఒక్కటి దొరికినా పైన నంబరు ఉంటుంది. పొలం సరిహద్దు రైతుల్ని అడగండి. వాళ్లలో ఎవరైనా సాక్ష్యం చెప్పి ఉంటే వాళ్ల దగ్గర కాగితం ఉండొచ్చు. పోయిన ప్లీడరుగారి జూనియర్లు ఎవరో బార్ అసోసియేషన్‌లో అడిగితే చెబుతారు. పాత కేసు కట్టలు చాలావరకు జూనియర్ల ఆఫీసుల్లోనే ఉండిపోతాయి.

ఏమీ దొరక్కపోతే కోర్టులోని దావాల రిజిస్టరే దిక్కు. అందులో ఒక్కో దావాకు వాది, ప్రతివాది పేర్లు, దాఖలైన తేదీ, దేని గురించి వేశారు, చివరికి ఏమైంది అన్నీ వరసగా రాసి ఉంటాయి. ‘ఈ రెండు మూడు సంవత్సరాల మధ్య, ఫలానావారు వాదిగా వేసిన దావా నంబరు చూసుకోవడానికి అనుమతి ఇవ్వండి’ అని దరఖాస్తు రాసివ్వండి. సంవత్సరాలు ఎంత కుదించగలిగితే అంత మంచిది. పదేళ్ల రిజిస్టర్లు తిరగెయ్యమంటే ఏ గుమాస్తా ముందుకు రాడు.

అప్పటి మున్సిఫ్ కోర్టే ఇప్పటి జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, సబ్ కోర్టే సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. ఆస్తి విలువ ఎక్కువ చూపించి ఉంటే దావా సబ్ కోర్టులో పడి ఉండొచ్చు, అక్కడా విచారించండి. ఈ మధ్యలో మీ ప్రాంతానికి కొత్త కోర్టు వచ్చిందేమో కూడా అడగండి. అలా అయితే రికార్డు పాత కోర్టులో ఉందా, కొత్తదానికి వెళ్లిందా తెలుసుకోవాలి.

నంబరు దొరికాక వెయ్యాల్సింది కాపీ అప్లికేషన్. మీరు దావాలో పార్టీ కాదు కాబట్టి దీన్ని థర్డ్ పార్టీ అప్లికేషన్ అంటారు. పార్టీలకైతే కాపీయింగ్ సెక్షనే అప్లికేషన్ తీసుకుంటుంది. థర్డ్ పార్టీ అయితే పిటిషన్, దానితోపాటు అఫిడవిట్ వెయ్యాలి, జడ్జిగారు ఉత్తర్వు ఇవ్వాలి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. అఫిడవిట్‌లో ‘నాకు అవసరం ఉంది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఏం అవసరమో రాయాలి. మీరైతే ఇలా రాయొచ్చు: ‘పై దావాలో ఒకటవ వాది నా తల్లికి తండ్రి. ఆయన ఫలానా తేదీన మరణించారు. ఆయన ఏకైక కుమార్తె అయిన నా తల్లి కూడా ఫలానా తేదీన మరణించారు. దావా ఆస్తిలో మా తాతగారి వాటాకు నేను వారసురాలిని. ఆ హక్కు తేల్చుకోవడానికి తీర్పు, డిక్రీల నకళ్లు అవసరం.’ తాతగారు వాది కాకుండా ప్రతివాది అయితే ఆ మాట మార్చుకోండి. ఇద్దరి మరణ ధ్రువపత్రాలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జత చెయ్యండి. చిన్నతాత కొడుకుల మీద ఉన్న కోపమంతా అందులో పెట్టకండి. మీకూ ఆ ఆస్తికీ ఉన్న సంబంధం కనిపిస్తే చాలు.

ఏయే కాగితాలు కావాలో కూడా విడివిడిగా రాయండి. ‘ఫైలు మొత్తం’ అంటే ఖర్చు పెరుగుతుంది, ఆలస్యమూ అవుతుంది. మీది పార్టిషన్ దావా కాబట్టి ఇది మరీ ముఖ్యం. ఈ దావాల్లో రెండు డిక్రీలు ఉంటాయి. ఎవరి వాటా ఎంతో చెప్పేది ప్రిలిమినరీ డిక్రీ. కమిషనర్ వెళ్లి పొలం కొలిచి, ఏ ముక్క ఎవరిదో తేల్చాక వచ్చేది ఫైనల్ డిక్రీ. దాన్ని నాన్ జుడీషియల్ స్టాంపు పేపరు మీద ఎక్కించాలి. మన ఊళ్లలో మొదటిది రాగానే ‘గెలిచాం’ అని పంచుకుని, రెండోదాని జోలికి పోని కుటుంబాలు లెక్కలేనన్ని. మీవాళ్లు చెబుతున్న డిక్రీ ఈ రెండింటిలో ఏదో మీకు తెలియాలి. అందుకని తీర్పు, ప్రిలిమినరీ డిక్రీ, ఫైనల్ డిక్రీ పిటిషన్ మీద ఇచ్చిన ఉత్తర్వు, ఫైనల్ డిక్రీ ఉంటే అది, కమిషనర్ రిపోర్టు, ప్లాను అడగండి. ఫైనల్ డిక్రీ కాలేదని తేలితే కంగారుపడకండి, దానికోసం వేసే పిటిషన్‌కు కాలపరిమితి అడ్డురాదని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. ఆ పని మాత్రం లాయరుగారితో చేయించుకోండి.

ఉత్తర్వు వచ్చాక ఇంటికెళ్లి కూర్చోవద్దు. నకలుకు ఎంత చార్జీ కట్టాలో లెక్కవేసి, అప్లికేషన్ నంబరుతో సహా నోటీసు బోర్డులో పెడతారు. గడువులోగా కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. దూరం నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. కాబట్టి దాఖలు చేసిన రోజే మీ కాపీ అప్లికేషన్ నంబరు రాసుకుని, ఆ ఊళ్లో ఉన్న తెలిసినవాళ్లకు బోర్డు చూడమని చెప్పండి.

నకలు చేతికి వచ్చాక చివరి పేజీ చూడండి. అప్లికేషన్ ఇచ్చిన తేదీ, చార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు తయారైన తేదీ, ఇచ్చిన తేదీ వరసగా ఉంటాయి. అప్పీలుకు వెళ్లేవాళ్లకు ఆ తేదీలు ప్రాణం. నకలు కోసం పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం గడువులోంచి మినహాయిస్తారు. కోర్టు సీలు, అధికారి సంతకం ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. కోర్టు బయట ‘జిరాక్స్ తెచ్చిస్తాం’ అనేవాళ్లకు డబ్బు ఇవ్వకండి. సీలు లేని జిరాక్స్ తహసీల్దారు దగ్గరా చెల్లదు, రేపు మీరు వేసే దావాలోనూ నిలవదు.

పాత ఫైలు ధ్వంసమైందని అంటే? అది జరిగేదే. 1917 నాటి రికార్డుల ధ్వంసం చట్టం కింద హైకోర్టులు నియమాలు పెట్టాయి, గడువు తీరిన కాగితాలను వాటి ప్రకారం తీసేస్తారు. తీర్పులు, డిక్రీలు మిగతావాటి కంటే చాలా ఎక్కువ కాలం ఉంచుతారు కాబట్టి ముందే ఆశ వదులుకోకండి. నిజంగా లేకపోతే ఆ మాట మీ అప్లికేషన్ మీదే రాయించి తీసుకోండి. నోటిమాటతో వెనక్కి రావద్దు. అసలు కాగితం ధ్వంసమైందని చూపించగలిగితే వేరే రుజువు పెట్టుకోవడానికి సాక్ష్య చట్టం దారి ఇస్తుంది. ఇంకో దారి ఉంది. ఆ దావా మీద అప్పీలు జరిగి ఉంటే, కింది కోర్టు డిక్రీ నకలు ఆ ఏ.ఎస్. ఫైలులో ఉంటుంది. అక్కడా అప్లికేషన్ వెయ్యండి.

ఆర్టీఐ విషయం. మీ అబ్బాయి మంచి ఆలోచనే చేశాడు గానీ, కోర్టు ఫైలులోని కాగితాలకు ఆ దారి లేదు. గుజరాత్ హైకోర్టు నియమాల మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చి 4న ఈ విషయం తేల్చేసింది. కేసు రికార్డు నకళ్లు హైకోర్టు పెట్టిన నియమాల ప్రకారమే తీసుకోవాలి.

లాయరు ఫీజు భారమైతే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఫోన్ నంబరు 15100.

ప్రశ్న: ఊరి చివర స్థలం కొనబోతున్నాను. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే ఏమీ లేదు. కోర్టు కేసులు లేనట్టేనా?

జవాబు: కాదు బాబూ. ఈసీలో వచ్చేది రిజిస్టరైన లావాదేవీలు. స్థలం మీద దావా నడుస్తున్నా అది ఈసీలో కనిపించకపోవచ్చు. దావా నడుస్తుండగా కొన్నవాళ్లకు ఆ తీర్పు వర్తిస్తుంది, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ అదే. తెలియక కొన్నానంటే వినరు.

ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లోగానీ యాప్‌లోగానీ రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకుని పార్టీ పేరుతో వెతకండి. డబ్బు కట్టక్కర్లేదు. చిక్కంతా స్పెల్లింగ్‌తోనే. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లీషులో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు, ఇంటిపేరు ఒకచోట ముందుంటే ఇంకోచోట వెనకుంటుంది. పేరంతా కొట్టకండి. మొదటి మూడు నాలుగు అక్షరాలే ఇచ్చి, ఒక్కో సంవత్సరమూ విడిగా, పెండింగ్‌వీ ముగిసినవీ రెండూ చూడండి. అమ్ముతున్నాయన పేరే కాదు, ఆయనకు అమ్మినవాళ్ల పేర్లూ, ఆయన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ల పేర్లూ చూడాలి. తెలంగాణలో 2022 జూన్ 2 నుంచి 33 జ్యుడీషియల్ జిల్లాలయ్యాయి కాబట్టి కేసు పాత జిల్లా పేరుతో లేకపోతే కొత్తదానిలో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లా పేరు కనిపించకపోతే ఉమ్మడి జిల్లా కింద వెతకండి. కేసు కనిపిస్తే ఆ కేసుకు ఇచ్చిన, అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబరు రాసిపెట్టుకోండి. ఆ ఒక్క నంబరుతో వాయిదాలు, ఉత్తర్వులు చూడొచ్చు. అక్కడ డౌన్‌లోడ్ చేసుకున్న ఉత్తర్వు చదువుకోవడానికే, సర్టిఫైడ్ కాపీ కాదు.

పాత కేసులు చాలా ఇంకా అందులోకి ఎక్కలేదు. పాత రికార్డు కూడా స్కాన్ చెయ్యడానికి ఈ-కోర్ట్స్ మూడో దశకు కేంద్రం 2023లో రూ.7,210 కోట్లు మంజూరు చేసింది. ఆ పని పూర్తయ్యేదాకా అక్కడ ‘రికార్డు లేదు’ అని వస్తే కేసు లేదని అర్థం చేసుకోకండి. తహసీల్దారు, ఆర్డీవో దగ్గర నడిచే రెవెన్యూ తగాదాలు ఇందులో ఉండవు, వాటిని ఆ ఆఫీసుల్లోనే విచారించాలి. స్థలానికి నాలుగు పక్కలా ఉన్నవాళ్లతో ఒక పూట కూర్చుని మాట్లాడండి, వాళ్లకు తెలియని తగాదా ఉండదు.

ప్రశ్న: మా అమ్మాయికి వచ్చిన సంబంధంలో అబ్బాయికి ఇదివరకు విడాకులయ్యాయట. ఆ కేసు కాగితాలు కోర్టులో మేము తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవాలని ప్రయత్నించకండి. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ కేసుల విచారణ ఆంతరంగికంగా జరుగుతుంది, అందులోని విషయాలు అచ్చువెయ్యడం కూడా నేరం. ఆ ఫైలులో మీకు పరిచయమే లేని ఒక అమ్మాయి బాధ కూడా ఉంటుంది. డిక్రీ సర్టిఫైడ్ కాపీ తెచ్చి చూపించమని నేరుగా అబ్బాయినే అడగండి. పార్టీ కాబట్టి ఆయనకు కాపీయింగ్ సెక్షన్‌లో మామూలుగానే ఇస్తారు. అడిగినందుకు నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి, ఇది మీ అమ్మాయి జీవితం. కాపీ చూపించినప్పుడు డిక్రీ తేదీ, అప్పీలు గడువు దాటిందా, ఎవరైనా అప్పీలు వేశారా అన్నవి కూడా అడిగి తెలుసుకోండి. అప్పీలు నడుస్తుండగా రెండో పెళ్లి చేసుకోవడం కుదరదు.