నేను ఆగితే మా చింటు కూడ ఆగుతడు, ఏం చేయాలె?

ప్రశ్న: సార్, మాది హన్మకొండ. మా ఇంట్ల రెండేండ్ల లాబ్రడార్ ఉంది, పేరు చింటు. కుక్కను జంపులు, టన్నెళ్ల మీదుగ వరుసగ ఉరికించే ఎజిలిటీ ఆట వీడియోలు చూసి పీవీసీ పైపులతోని జంపులు చేసిన, పిల్లలు ఆడుకునే టన్నెల్ ఒకటి కొన్న. నేను పక్కన ఉరికితే అన్నీ మంచిగ చేస్తడు, ఆగిన్నంటే వాడు కూడ ఆగి నా దిక్కే చూస్తడు, లేకుంటే జంపు పక్కనుంచి తిరిగొచ్చి నా కాళ్లకాడ కూసుంటడు. నాకు మోకాళ్ల నొప్పులు, ఉరకలేను. దూరం నుంచి పంపుడు ఎట్ల నేర్పాలె?
— ఒక పాఠకుడు

జవాబు: ముందుగాల ఇది చెప్పండి, చింటు జంపు దుంకినంక బిస్కెట్ ఎక్కడ ఇస్తున్నరు? దగ్గరికి పిలిచి చేతిల పెడుతున్నరనుకుంట, చాలామంది అట్లనే చేస్తరు. ఇగ వాడికి తెలిసిందేంది, పైసలు దొరికే కౌంటర్ మీ చేయి, మధ్యల జంపు అనేది ఒక అడ్డం. అందుకే మీరు ఆగంగనే మీకాడికొస్తడు, వాడి తప్పేం లేదు.

కాబట్టి తిండి జాగ మార్చాలె. ఒక ప్లాస్టిక్ డబ్బా మూత తీస్కోండి, జంపు లేకుండనే మూత దాకా పోయి దాని మీదున్న ముక్క తినుడు నేర్పండి. అది వచ్చినంక మూతకు ముందు జంపు పెట్టండి, పైపు నేల మీదనే ఉండనియ్యండి, మీరు జంపు పక్కనే నిలబడి పంపండి, తర్వాత ఒక్కో అడుగు వెనుకకు జరగండి. కొన్నిరోజులకు మూత ఖాళీగ పెట్టి, వాడు అటు పోతుండంగనే బాల్ ముందుకు విసరాలె, వెనుకకు తిరిగి మిమ్మల్ని చూసినంక విసిరితే మళ్ల మొదటికే వస్తది, ఎందుకంటే తిరిగి చూసినందుకే బాల్ దొరికిందనుకుంటడు. వరుసగ రెండుసార్లు తప్పితే అరవకండి, అడుగు ముందుకొచ్చి సులువు చేయండి. "నో" అని గద్దిస్తే ప్రతి జంపు కాడ మీ మొఖం చూసుడు అలవాటైతది.

పక్కకు దూరం వేరే సంగతి. జంపుల వరుసకు పక్కన ముగ్గుపిండితోని ఒక గీత గీయండి, మీరు గీత అవుతల్నే నడవాలె, దాటొద్దు, రోజులు గడుస్తుంటె గీతను కొంచెం కొంచెం దూరం జరపాలె. ఇది నేను కనిపెట్టింది కాదు, అమెరికాల నాడాక్ అనే ఎజిలిటీ సంస్థ పోటీలల్ల 'చాన్సెస్' అనే క్లాసు మొత్తం ఇట్లాంటి గీత మీదనే నడుస్తది, యూఎస్‌డీఏఏ అనే ఇంకో సంస్థల 'గ్యాంబ్లర్స్' అనే క్లాసు కూడ ఉంది. అంటే మోకాళ్ల నొప్పి ఉన్నా ఈ ఆటల జాగ ఉందన్నట్టే.

ఇప్పుడు మీ సంగతి. కుక్క మాట కన్న ఒంటిని ముందు చదువుతది, మీ పాదాలు, భుజాలు ఎటు తిరిగితే అటే పోతది. నోటితోని "టన్నెల్" అంటూ ఒళ్లు ఇంటి దిక్కు తిప్పితే వాడేం చేయాలె పాపం? టక్కున ఆగొద్దు, మెల్లగనైనా అటే నడుస్తుండాలె, ఆగుడంటే వాడికి బ్రేక్ అన్నట్టు. మాట కూడ ముందే పడాలె, జంపు కోసం లేవకముందే తర్వాతది చెప్పాలె, గాల్లోకి లేచినంక చెప్తే వాడు ఎటు దిగాల్నో అప్పటికే తేల్చుకున్నట్టు. ఇవన్నీ చింటు లేకుండ ఒక్కరే నడిచి ప్రాక్టీస్ చేయండి, ఇంట్లోల్లతోని ఫోన్ల వీడియో తీయించుకోండి, సుబేదారి గ్రౌండ్‌ల ఎవరైనా నవ్వితే నవ్వనియ్యండి.

వీవ్ పోల్స్, అంటే కుక్క సందులల్లకెళ్లి అటిటు వంకరగ పోవాల్సిన కర్రల వరుస, మాత్రం ఆఖరికి పెట్టుకోండి. ఎఫ్‌సీఐ (కుక్కల క్లబ్బుల అంతర్జాతీయ సంఘం) పోటీలల్ల 12 పోల్స్, ఒక్కోదానికి మధ్య 60 సెంటీమీటర్లు, మొదటి పోల్ ఎప్పుడూ కుక్క ఎడమ భుజం పక్కనే ఉండాలె. దగ్గరున్నప్పుడే ఈ ఎంట్రీ పక్కా కాకపోతే దూరం నుంచి అస్సలే కాదు.

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్‌కు ఏడు నెలలు. జంపులు మొదలుపెట్టొచ్చా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఎత్తు జంపులు వద్దమ్మా. పెద్ద జాతులల్ల ఎముకల ఎదుగుదల ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా నడుస్తనే ఉంటది, ఎఫ్‌సీఐ కూడ 18 నెలలు నిండినంకనే పోటీకి రానిస్తది. అప్పటిదాకా పైన చెప్పిన మూత ఆట, దూరంగ పెట్టిన బకెట్ చుట్టు తిరిగొచ్చుడు నేర్పండి, దూరం పనికి అవే పునాది. ఎండకాలం మాత్రం పొద్దుగాల్నే కానియ్యండి, నేల మీద అరచేయి పెట్టి కాలుతుందంటే ఆ పూటకు బంద్.