యోజీ మయర్ మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. స్విట్జర్లాండ్ పార్లమెంటులో పనిచేసిన యోజీ మయర్ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ముందు పేరు దిద్దుకో. "జోసీ" కాదు, యోజీ. జర్మన్‌లో ఆ మొదటి అక్షరం "య" పలుకుతుంది.

1926లో లుట్సెర్న్ కాంటన్‌లోని (కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది) డాగ్‌మెర్‌సెలెన్‌లో పుట్టారని ఎత్తుకున్నావు. అలా ఎత్తుకుంటే పెళ్లిళ్ల పేరయ్య తెచ్చిన బయోడేటాలా ఉంటుంది. 1971 ఫిబ్రవరి 7తో మొదలుపెట్టు. ఆ రోజు స్విస్ మగ ఓటర్లలో 65.7 శాతం మంది ఆడవాళ్లకు దేశస్థాయి ఓటు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 1959లో ఇంచుమించు అంతమందే వద్దన్నారు. అప్పటికి యోజీకి 44 ఏళ్లు, లుట్సెర్న్‌లో లాయరు. దేశపు చట్టాలు చేతపట్టుకుని క్లయింట్ల తరఫున వాదించే మనిషికి, ఆ చట్టాలు చేసేవాళ్లను ఎన్నుకునే ఓటు అంతదాకా లేదు. అక్టోబరులో ఎన్నికలు, నవంబరు చివర్లో రాజధాని బెర్న్‌లో కొత్త సభ. ఓటు వచ్చిన పది నెలలకే ఆమె జాతీయ సభ (మన లోక్‌సభ లాంటి దిగువ సభ) సభ్యురాలు. ఈ పది నెలలనూ నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. కనీసం రెండు పేరాలు పెట్టు.

"న్యాయవాద వృత్తికి స్వస్తి చెప్పి" అన్న మాట కొట్టెయ్. అక్కడ పార్లమెంటు సభ్యత్వం పూర్తికాలపు కొలువని ఎవరూ అనుకోరు. ఏడాదికి నాలుగు సమావేశాలు, ఒక్కోటి మూడు వారాలు. కమిటీల రోజులు వేరు. మిగతా కాలం రైతు రైతే, లాయరు లాయరే. అందుకే "లాయరు నుంచి నేత దాకా" లాంటి శీర్షిక మనకు నప్పుతుంది గానీ స్విస్ జీవితానికి నప్పదు.

1983లో ఆమె "రాజ్యసభ"కు మారారని రాశావు. ఇదే పెద్ద తప్పు. మన రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు 11 స్థానాలు, తెలంగాణకు 7. జనాభాను బట్టి లెక్క, ఎన్నుకునేది ఎమ్మెల్యేలు. అక్కడి ఎగువ సభ అయిన కాంటన్ల సభలో పెద్ద కాంటన్ జ్యూరిక్‌కు రెండే, గుప్పెడు జనమున్న ఊరీ కాంటన్‌కూ రెండే. అధికారాల్లో రెండు సభలూ సమానం. కాబట్టి "కాంటన్ల సభ" అనే రాయి, ఒక్క వాక్యంలో వివరించు. 1995 దాకా ఆమె అందులో ఉన్నారు.

"అధ్యక్షురాలయ్యారు" అంటే పాఠకుడు దేశాధ్యక్షురాలనుకుంటాడు. ఆమె 1991–92లో కాంటన్ల సభకు తొలి మహిళా సభాధ్యక్షురాలు. ఆ పదవి ఒక్క ఏడాదే. పక్కనే ఇంకో తేదీ పెట్టు: అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ కాంటన్‌లో ఆడవాళ్లకు స్థానిక ఓటు వచ్చింది 1990 నవంబరులో, అదీ ఫెడరల్ కోర్టు (అక్కడి సుప్రీంకోర్టు) తీర్పుతో. ఏడాది తిరిగేసరికి యోజీ ఆ కుర్చీలో ఉన్నారు.

మూడో పేజీలో "1977లో తొలి మహిళా అధ్యక్షురాలు" అన్నది ఆమె కాదు, ఎలిజబెత్ బ్లున్షీ. ఆవిడా లాయరే, అదే పార్టీ, అదే 1971లో వచ్చారు. అయితే ఆవిడ నడిపింది జాతీయ సభను. ఇద్దరూ కలిసిపోవడం సులువే, అందుకే పదవి రాసిన ప్రతిచోటా సభ పేరూ రాయి. పార్టీని కూడా క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ అనే పిలువు. "సెంటర్" అన్న పేరు 2021లో వచ్చింది, 2006లోనే కన్నుమూసిన మనిషికి అది తగిలించకూడదు.

ఇక ఆమె ప్రసిద్ధ వాక్యం. ఆడవాళ్ల చోటు ఇల్లేనని ఒప్పుకున్నట్టే మొదలుపెట్టి, ఏ ఇల్లో చెబుతారు: పంచాయతీ ఇల్లు, నగరసభ ఇల్లు, పార్లమెంటు ఇల్లు. జర్మన్‌లో ఆ భవనాల పేర్లన్నిటి చివరా "హౌస్" ఉంటుంది కనుక అక్కడ పేలింది. నువ్వు "ఇల్లు" అనీ "భవనం" అనీ మార్చి రాసేసరికి చమత్కారం చచ్చిపోయింది. "గృహం" పట్టుకుని చూడు: "ఆడవాళ్ల చోటు గృహమే, సభాగృహం." మూడు ఇళ్లూ రావు, ఒక్కటే వస్తుంది. అయినా నవ్వు మిగులుతుంది. కొటేషన్ గుర్తులు మాత్రం తీసెయ్, అది ఆమె మాటకు మన అనుసరణే.