అకలేసియాకు బెలూన్ మంచిదా, పోయెమ్ మంచిదా, స్టెంట్ వేయించాలా?

గుణుపురం నుంచి మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి అరవై దాటాయి, అన్నమే కాదు నీళ్ళు కూడా గుండె దగ్గర ఆగిపోతున్నాయి, ఎండోస్కోపీ చేసి అకలేసియా (అన్నవాహిక కింది చివర కండరం వదులవక తిండి ఆగిపోయే జబ్బు) అన్నారు. ఒక డాక్టరు బెలూన్‌తో ఆ కండరాన్ని సాగదీయాలంటున్నారు, ఇంకొకరు పోయెమ్ (నోట్లోంచి ఎండోస్కోప్ పంపి దాన్ని కోసే పద్ధతి) అంటున్నారు, మీ బంధువు ఒకాయన స్టెంట్ పెట్టించేయమంటున్నారు. ఏది చేయించాలి?

మాది పర్లాకిమిడి. నాకు ఉన్నది ఇదే జబ్బు. బెలూన్ చేయించుకున్నాను, ఇప్పుడు ఇంట్లో అందరితో పాటు కూర్చుని తింటున్నాను. నేను డాక్టర్ని కాదు, కానీ ఈ జబ్బుతో బతికినవాడిగా ఒక మాట గట్టిగా చెబుతాను. మానోమెట్రీ (అన్నవాహికలో ఒత్తిడి కొలిచే పరీక్ష) రిపోర్టు చేతికి రాకుండా ఈ మూడింట్లో దేనికీ ఒప్పుకోకండి.

ముందు స్టెంట్ సంగతి. అది లోహపు వల గొట్టం. క్యాన్సర్ గడ్డ వల్ల అన్నవాహిక మూసుకుపోయినప్పుడు దారి తెరిచి ఉంచడానికి ఎక్కువగా వాడతారు. మీ బంధువు అలాంటి పేషెంటును చూసి ఉంటారు. అకలేసియాలో అడ్డంగా ఏదీ పెరగదు. అన్నవాహిక గోడలోని నరాల కణాలు దెబ్బతింటాయి. దాంతో గొట్టం తిండిని కిందికి నెట్టదు, కడుపు మొదట్లో ఉన్న బిగువు కండరం మింగినప్పుడు వదులవదు. అందుకే మొదటి నుంచీ ముద్దా నీళ్ళూ రెండూ ఆగుతాయి. గడ్డ ఉంటే సాధారణంగా ముందు ముద్ద ఆగుతుంది, నీళ్ళు ఆగడం తర్వాత మొదలవుతుంది. అకలేసియాకు స్టెంట్ మామూలుగా చేసే వైద్యం కాదు, దాన్ని పక్కన పెట్టేయండి.

నాకు మొదట్లో చాలాకాలం గ్యాస్ మాత్రలే ఇచ్చారు. రాత్రి పడుకుంటే సాయంత్రం తాగిన చోడి అంబలి తాగినట్టే నోట్లోకి వచ్చేది, దిండు తడిసేది, దగ్గుతో లేచి కూర్చునేవాణ్ణి. ఎసిడిటీ అయితే పుల్లగా, చేదుగా వస్తుంది కదా. నాకు ఆ పులుపే లేదు, ఎందుకంటే అంబలి అసలు కడుపులోకి దిగనే లేదు. నాన్నగారిని ఈ సంగతి అడిగి చూడండి. ఆయన చెప్పే జవాబు డాక్టరుకు పనికొస్తుంది.

ఇక మానోమెట్రీ ఎలా చేస్తారో చెబుతాను. పొడుగునా సెన్సర్లు ఉన్న సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి కడుపు దాకా దింపుతారు. మత్తు ఇవ్వరు, ముక్కులో తిమ్మిరి జెల్ రాస్తారు. గొట్టం గొంతు మలుపు తిరిగే క్షణం ఒక్కటీ ఇబ్బంది, ఆ తర్వాత అలవాటవుతుంది. కొంచెం కొంచెంగా నీళ్ళు నోట్లో పోసి, చెప్పినప్పుడు మింగమంటారు. ఒక గుక్కకూ ఇంకో గుక్కకూ మధ్య ఉమ్మి కూడా మింగకూడదు, నాకు అన్నిటికన్నా కష్టమైంది అదే. నాన్నగారికి ముందే చెప్పి ఉంచితే టెన్షన్ పడరు.

ఆ రిపోర్టులో జబ్బు ఏ రకమో తేలుతుంది. 1వ రకంలో గొట్టంలో కదలికే ఉండదు. 2వ రకంలో మింగినప్పుడు గొట్టమంతా ఒకేసారి ఒత్తిడి పెరుగుతుంది. 3వ రకంలో కండరం తప్పుడు సమయంలో గట్టిగా బిగుసుకుంటుంది. 2వ రకానికి ఏ వైద్యమైనా బాగా పనిచేస్తుంది, నాది అదే. 3వ రకానికి బెలూన్ అంతగా పనిచేయదు. బిగుసుకున్న కండరాన్ని పైదాకా కోయగలిగే పోయెమ్ వైపే డాక్టర్లు మొగ్గుతారు. రకం తెలియకుండా బెలూనా పోయెమా అని ఇంట్లో తర్జనభర్జన పడటం వృథా.

బెలూన్ గురించి నాకు తెలిసినంత వివరంగా చెబుతాను. మామూలు సన్నబడిన దారిని సాగదీసే చిన్న బెలూన్ ఇది కాదు. అకలేసియాకు వాడేది 30 మిల్లీమీటర్ల వెడల్పుది, చాలకపోతే కొన్ని వారాల తర్వాత 35, ఆ తర్వాత 40. బిగువు కండరపు పోగులు తెగేంత సాగాలి, అందుకే అంత పెద్దది. ఎండోస్కోపీతో సన్నటి తీగ దింపి, దాని మీదుగా బెలూన్‌ను సరిగ్గా కండరం దగ్గరికి చేరుస్తారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ గాలి నింపుతారు. మొదట అది నడుము నొక్కుకుపోయి డమరుకంలా కనిపిస్తుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ నడుము పోయి నిండుగా అవుతుంది. నాకు మత్తు ఇచ్చారు కాబట్టి నేను చూడలేదు, తర్వాత డాక్టరు ఆ బొమ్మలు చూపించి చెప్పారు. లేచాక ఛాతీలో నొప్పి ఉంది, సాయంత్రానికి తగ్గింది.

దీనిలో అసలు భయం అన్నవాహికకు చిల్లు పడటం. నూటికి ఒకరిద్దరికి అలా జరగవచ్చు. అందుకని అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేయగల సర్జన్ అదే ఆసుపత్రిలో ఉన్నారా అని మొహమాటపడకుండా అడగండి. ఇంటికి వచ్చాక ఛాతీ నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా, మెడ దగ్గర ఉబ్బినా తెల్లారేదాకా ఆగొద్దు.

పోయెమ్ కొత్త పద్ధతి. జపాన్‌లో డాక్టర్ హరుహిరో ఇనోవే 2008లో మొదటిసారి మనిషికి చేశారు. బయట కోత ఉండదు. నోట్లోంచే ఎండోస్కోప్ పంపి, లోపలి పొర కింద సొరంగంలా దారి చేసి, కండరాన్ని కోసి, పొరను క్లిప్పులతో మూసేస్తారు. 2019లో వచ్చిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో రెండేళ్ళ తర్వాత పోయెమ్ చేయించుకున్నవాళ్ళలో 92 శాతం మందికి, బెలూన్ వాళ్ళలో 54 శాతం మందికి ఫలితం నిలిచింది. కానీ ఎసిడిటీ వల్ల అన్నవాహిక ఒరిసిపోవడం పోయెమ్ వాళ్ళలో 41 శాతం, బెలూన్ వాళ్ళలో 7 శాతం. బెలూన్‌ను అవసరాన్ని బట్టి మళ్ళీ మళ్ళీ చేస్తూ, ఆ కండరాన్ని బయటి నుంచి కోసే పాత పద్ధతి హెల్లర్ ఆపరేషన్‌తో పోల్చిన 2011 నాటి యూరప్ పరిశోధనలో రెండూ దాదాపు సమానంగా తేలాయి, 86, 90 శాతం. నేను అర్థం చేసుకున్నది, బెలూన్ ఒక్కసారితో అయిపోయేది కాదనుకుని మొదలుపెడితే అది మంచి వైద్యమే. నలభై దాటినవాళ్ళకు కుర్రవాళ్ళకన్నా బాగా పనిచేస్తుంది కూడా.

నాన్నగారి విషయంలో ఇంకొకటి. అరవై దాటాక ఈ లక్షణాలు కొత్తగా మొదలై, బరువు త్వరత్వరగా తగ్గుతుంటే, కడుపు మొదట్లో దాగిన క్యాన్సర్ కూడా అకలేసియాలాగే కనిపించవచ్చు. సీటీ స్కాన్ అవసరమా అని అడగండి. గుండె, ఊపిరితిత్తులు మత్తుకు తట్టుకోలేవంటే ఆ కండరాన్ని కొన్నాళ్ళు వదులు చేసే బోటాక్స్ ఇంజెక్షన్ ఉంది, కానీ దాని బలం నెలల్లోనే తగ్గిపోతుంది.

బేరియం పరీక్ష (మందు తాగించి అన్నవాహికకు తీసే ఎక్స్‌రే), ఎండోస్కోపీ బరంపురంలో అవుతాయి. మానోమెట్రీ మాత్రం నేను విశాఖలో చేయించుకున్నాను. గుణుపురం ప్యాసింజర్ మీ ఊళ్ళోనే బయల్దేరుతుంది, కానీ పెద్దాయనతో చాలాసేపు ప్రయాణం. మిషన్ పనిచేస్తోందా, ఏ రోజుల్లో చేస్తారు అని ఫోన్ చేసి కనుక్కున్నాకే ఎక్కండి. ఆంధ్రా ప్రభుత్వ ఆరోగ్య కార్డు మన ఒడిశా అడ్రసు వాళ్ళకు పనికిరాదు. మన దగ్గర 2025 నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో చెల్లుతుంది. అయితే చేయబోయే వైద్యం ప్యాకేజీలో ఉందో లేదో అక్కడి కౌంటర్లో ముందే అడగాలి.

బెలూన్‌కైనా పోయెమ్‌కైనా ముందు డాక్టరు చెప్పినన్నాళ్ళు ద్రవాలే ఇవ్వండి. లోపల నిలిచిన తిండి మత్తులో ఉండగా ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. అప్పటిదాకా మెత్తటి అన్నం, గంజి, అంబలి కొద్దికొద్దిగా నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి. రాత్రి భోజనం ఏడింటికల్లా ముగించి, మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టండి. మానోమెట్రీ రిపోర్టు వచ్చాక ఏ రకమో ఇక్కడ రాయండి, డాక్టర్ని ఏమేం అడగాలో కలిసి చూద్దాం.