రిటైర్మెంట్ డబ్బంతా అబ్బాయి లోన్‌కి కట్టేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా సారు గవర్నమెంట్ టీచరు, 2024లో రిటైరయ్యారు, పెన్షన్ 56 వేలు వస్తుంది. బాబు ఎమ్మెస్ చదవడానికి డల్లాస్ వెళ్ళాడు, ఇల్లు తనఖా పెట్టి బ్యాంకు లోన్ తీసుకున్నాం. ఇప్పుడు బాకీ 36 లక్షలుంది, వడ్డీ 11 శాతం, ఈఎంఐ 42 వేలు. ఉద్యోగం వచ్చాక కొన్నాళ్ళు వాడే కట్టాడు, మూడు నెలల్నుంచి ప్రాజెక్ట్ లేదు జీతం లేదంటున్నాడు, సారు పెన్షన్లోంచి కడుతున్నారు. గ్రాట్యుటీ, జీపీఎఫ్ అన్నీ కలిపి 44 లక్షలు వచ్చాయి, అందులోంచి లోన్ మొత్తం క్లోజ్ చేసేస్తానంటున్నారు. పాప హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం చేస్తూ తన చదువు లోన్ తనే కట్టుకుంటోంది, ఇంకా పెళ్ళి చేయాలి. నేను వద్దంటే కొడుకు కంటే డబ్బెక్కువైందా నీకు అంటారు. నాది తప్పా?

జవాబు: అమ్మా, మీది తప్పు కాదు. సారుది కూడా తప్పు కాదు, ఆయన భయపడుతున్నారు. ఇన్నేళ్ళు ఒకటో తారీఖు జీతంతో, ఎవరికీ రూపాయి బాకీ లేకుండా బతికిన మనిషికి నెలనెలా బ్యాంకు మెసేజ్ వస్తుంటే ఎలా ఉంటుందో నేను దగ్గర్నుంచి చూశాను. ఇలాంటి లోనే ఉన్న ఒక పెద్దాయన ఈఎంఐ కట్టాల్సిన వారమంతా ఫోన్ కంచం పక్కన పెట్టుకుని తినేవారట, మెసేజ్ సౌండ్ వస్తే చాలు అన్నం సగంలో చెయ్యి కడిగేసుకునేవారని వాళ్ళావిడ నా ముందు కూర్చుని ఏడ్చింది. అలాంటివాళ్ళకి మొత్తం కట్టేసి పీడ వదిలించుకుందాం అనిపించడం చాలా సహజం. ముందు ఆ భయాన్ని గుర్తించండి, లెక్క తర్వాత మాట్లాడొచ్చు. డబ్బు గురించి మీరెంత వాదించినా ఆయనకి అది కొడుకు మీద ప్రేమ లేనట్టే వినిపిస్తుంది.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. వాడి అప్పు వాడే చూసుకుంటాడులే అనే మాట మీకు కుదరదు. ఇంత పెద్ద ఎడ్యుకేషన్ లోన్‌లో తండ్రి కో-అప్లికెంట్‌గా సంతకం పెడతారు కాబట్టి కాగితం మీద అది సారు అప్పు కూడా. వాయిదా 90 రోజులు దాటితే అకౌంట్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, ఇద్దరి సిబిల్ స్కోరూ పడిపోతుంది, ఆ తర్వాత బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి ఇంటి జోలికి రావచ్చు. అందుకని ఈ మూడు నెలలు సారు కట్టడం మంచి పనే, అది వృథా అనుకోకండి. సాయం చేయాలా వద్దా అన్నది అయిపోయిన మాట, ఎంతవరకు ఎన్నాళ్ళు అన్నదే ఇప్పుడు తేల్చుకోవాలి.

ఇక బాబు సంగతి. జీతం లేదంటున్నాడు, నిజమో కాదో అని మీకు లోపల ఎక్కడో అనుమానం ఉందేమో, ఉంటే అడిగేయండి, కానీ అక్కడి పరిస్థితి కూడా తెలుసుకుని అడగండి. చదువయ్యాక వాళ్ళు పనిచేసేది ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద, అది 12 నెలలు, స్టెమ్ కోర్సులకి, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల చదువులకి, ఇంకో 24 నెలలు పెంచుతారు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజుల వరకే ఉండొచ్చు, స్టెమ్ పొడిగింపు వచ్చినవాళ్ళకి మొత్తం కలిపి 150 రోజులు, ఆ లెక్క దాటితే అక్కడ ఉండటమే కష్టం. అంటే మీవాడు చెప్పేది నిజమైతే ఈఎంఐ కంటే పెద్ద భయమే వాడి నెత్తిమీదుంది, మీరేమో ఫోన్ ఎత్తగానే ఈ నెల పంపిస్తావా అని అడుగుతున్నారు, వాడు పొడిపొడిగా మాట్లాడి పెట్టేస్తున్నాడు. ఈసారి డబ్బు ఊసెత్తకుండా జీతం ఆగి ఎన్ని రోజులైంది బిడ్డా, ఇంకెన్ని రోజులు టైముంది అని అడగండి. పేరుకి ఏదో కంపెనీలో పనిచేస్తున్నట్టు చూపిస్తామని ఎవరైనా చెప్తే మాత్రం ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పండి, దాంతో వీసాకే ఎసరు. నిజంగా చేతకాని టైములో ఆదుకోవడం వేరు, సంపాదించుకుంటూ కట్టకపోతే ఆదుకోవడం వేరు, మీకు ఏది ఎదురైందో ముందు తేలాలి.

సారు లెక్కకొస్తే అది పైకి కరెక్టే. ఎఫ్‌డీ వేస్తే వచ్చేది 11 శాతం కంటే బాగా తక్కువ, అలాంటప్పుడు లోన్ ఉంచుకోవడం దండగ కదా అంటారు. నిజమే, 36 లక్షల మీద 11 శాతం అంటే నెలకి 33 వేలు వడ్డీకే పోతోంది, మీరు కట్టే 42 వేలల్లో అసలుకి వెళ్ళేది 9 వేలే. కానీ 36 లక్షలు కట్టేస్తే మీ చేతిలో మిగిలేది 8 లక్షలు. రేపు ఎవరికైనా స్టెంట్ వేయాలన్నా మోకాలు ఆపరేషన్ అన్నా, పాప పెళ్ళి కుదిరినా, లోన్‌లో వేసిన డబ్బు మళ్ళీ బయటికి రాదు. ఇంకోటి, బ్యాంకు బాకీ తీరగానే అది నాన్న బాకీగా మారుతుంది, బ్యాంకు బాకీకైతే ఒక తేదీ ఉంటుంది, ఒక భయం ఉంటుంది, నాన్న బాకీకి ఏముంటుంది చెప్పండి, వచ్చే ఏడు చూద్దాంలే అంటారు, పిల్లలు చెడ్డవాళ్ళై కాదు, మనం అడగం కాబట్టి.

నేనైతే ఇలా చేస్తాను. ఆ 44 లక్షల్లోంచి 30 లక్షలు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయమనండి, 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, ఐదేళ్ళ వరకు ఆ రేటు మారదు. పాప పెళ్ళికి, ఆస్పత్రికి అని కొంత పక్కన పెట్టండి. మిగిలిన దాంట్లోంచి ఆరు నెలల ఈఎంఐ, అంటే 2 లక్షల 52 వేలు, విడిగా ఒక అకౌంట్లో ఉంచి అక్కడ్నుంచి కట్టండి, పెన్షన్ ముట్టుకోవద్దు, మీరిద్దరూ దాంతో మందులూ కూరగాయలూ కొనుక్కుని ప్రశాంతంగా ఉండండి. ఈలోపు సారు బ్రాంచికి వెళ్ళి మేనేజర్‌ని కలిసి బాబుకి ఉద్యోగం లేదు, ఈఎంఐ కొన్నాళ్ళు తగ్గించి గడువు పెంచే వీలుందా అని లెటర్ రాసిచ్చి అడగాలి. వాయిదాలు సక్రమంగా కడుతున్నప్పుడే అడగాలి, తప్పాక అడిగితే మాట చెల్లదు. ఉద్యోగం వచ్చి రెండు మూడు నెలలు నిలబడ్డాక ఈఎంఐ మళ్ళీ వాడిదే. అప్పుడు సారుకి మనసొప్పకపోతే ఓ రెండు మూడు లక్షలు అసలుకి పార్ట్ పేమెంట్ చేయొచ్చు, దానికి నేను అడ్డు చెప్పను.

పాప గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, అదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. తన లోన్ తనే కట్టుకుంటున్న పిల్ల, అన్న లోన్‌కి నాన్న డబ్బంతా పోతుందంటే నోరు విప్పి ఏమీ అనకపోవచ్చు, అననంత మాత్రాన బాధ లేదని కాదు కదా. ఏ నిర్ణయం తీసుకున్నా తనకి ముందు చెప్పండి. వీలైతే అన్నకి కట్టే ఆరు నెలల్లో తన వాయిదాలు కూడా రెండు మూడు మీరే కట్టండి, ఎంతన్నది పెద్ద విషయం కాదు, అమ్మానాన్నలకి నేనూ గుర్తున్నాను అనిపించాలి.

దాచిపెట్టి మాత్రం కట్టకండి. ఒకాయన కొడుకు బాధపడతాడని చెప్పకుండా ఊళ్ళో ప్లాటు అమ్మి లోన్ కట్టేశారు, రెండేళ్ళ తర్వాత వచ్చిన కొడుకు ఆ ప్లాటు చూద్దామని బండి తీస్తే అప్పుడు చెప్పారు. అబ్బాయి చాలాసేపు అలాగే బండి మీద కూర్చుండిపోయి, అప్పుడే చెప్తే నేను రూమ్ మార్చుకుని అయినా కట్టేవాణ్ణి కదా నాన్నా అన్నాడట. ఇప్పుడు తండ్రీకొడుకులిద్దరికీ ఆ ప్లాటు మాటెత్తాలంటే గొంతు పట్టేస్తుంది.

ఈ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేయండి, వాడికి శనివారం రాత్రి అవుతుంది, తీరిగ్గా ఉంటాడు. సారుని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, పాపని కూడా కాల్‌లోకి తీసుకుని, ఆరు నెలలు మేం కడతాం, ఇదిగో అకౌంట్లో ఇంతుంది అని అంకెలతో సహా చెప్పండి. బ్యాంకుకి వెళ్ళినప్పుడు ఆ ఈఎంఐ మెసేజ్ బాబు నంబరుకి కూడా వచ్చేలా పెట్టమని అడగండి, అది ఇన్నాళ్ళూ సారు ఫోన్ ఒక్కదానికే వస్తున్నట్టుంది.