జలుబుగా మొదలైనది వెంటిలేటర్ దాకా ఎందుకు వెళుతుంది?

ఫ్లూ, కోవిడ్ లాంటివి చాలామందికి జలుబు, దగ్గుతో తగ్గిపోతాయి. మరి కొందరి ఊపిరితిత్తులు అంతలా ఎందుకు దెబ్బతింటాయి? వైరస్ ముక్కు, గొంతు దగ్గరే ఆగితే అంత భయం లేదు. కిందికి దిగి గాలిగదులకు చేరితేనే అసలు చిక్కు.

ఈ బుల్లి గదులు మనలో కోట్లలో ఉంటాయి. గాలికీ రక్తానికీ మధ్య గోడ చాలాచోట్ల ఒక మైక్రాన్ మందం కూడా ఉండదు. ఆ గోడలోని కొన్ని కణాలు సర్ఫాక్టెంట్ అనే పలుచటి పొరను తయారుచేస్తాయి. సబ్బు నీటి తలతన్యతను తగ్గించినట్టే, ఇదీ గది లోపలి తడి బిగుతును తగ్గిస్తుంది. ఊపిరి వదిలినప్పుడు గది ముడుచుకుపోకుండా కాపాడేది ఇదే. గాలిగదుల్లో కోవిడ్ వైరస్ ఎక్కువగా దూరేది ఈ కణాల్లోకే. అవి చచ్చాయంటే గదులు మూతపడటం మొదలవుతుంది.

ఆపైన మన సొంత సైన్యం దిగుతుంది. వైరస్‌ను తరమడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు వదిలే రసాయనాలు పక్కనున్న మంచి కణాలనూ కాలుస్తాయి. సన్నటి రక్తనాళాలు లీకై, ప్రొటీన్లున్న ద్రవం గదుల్లోకి చేరుతుంది. ఇక గాలి పీల్చినా ఆక్సిజన్ రక్తంలోకి సరిగ్గా వెళ్లదు. 1967లో వైద్యులు మొదటిసారి వివరించిన ఏఆర్‌డీఎస్ (అక్యూట్ రెస్పిరేటరీ డిస్ట్రెస్ సిండ్రోమ్, అంటే ఊపిరితిత్తులు హఠాత్తుగా పనిచేయలేని తీవ్ర స్థితి) ఇదే.

నా లెక్కలో చాలామంది గమనించని సంగతి మన సైన్యమే కొట్టే ఈ రెండో దెబ్బ. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ అనే మందుల పరీక్షలో, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల మరణాలను డెక్సామెథాసోన్ సుమారు మూడో వంతు తగ్గించింది. అది వైరస్‌ను చంపే మందు కాదు, వాపును అణిచే స్టెరాయిడ్. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మాత్రం దానివల్ల మేలేమీ కనిపించలేదు.