కాపుచినోకూ లాటేకూ అసలు తేడా ఏమిటి?

ప్రశ్న: కాఫీ దుకాణంలో కాపుచినో, లాటే, ఫ్లాట్ వైట్, మకియాటో అని ఎన్నో పేర్లు కనిపిస్తాయి. అన్నింటిలోనూ పోసేది ఎస్ప్రెసోయే అంటారు. అలాంటప్పుడు వీటి మధ్య నిజంగా తేడా ఉన్నదా, లేక పేర్లే వేరా? దయచేసి వివరించగలరు. – ఒక పాఠకురాలు

జవాబు: తేడా నిజంగానే ఉన్నది. అయితే అది కాఫీలో కన్నా, దానికి తోడయ్యే పాలు ఎన్ని, ఆ పాలలోకి గాలి ఎంత ఎక్కించారు అన్న రెండు విషయాలలోనే ఎక్కువగా ఉన్నది. ఈ రెండూ గుర్తు పెట్టుకుంటే పేర్ల చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ముందు ఎస్ప్రెసో సంగతి చూద్దాం. మెత్తగా మరపట్టిన కాఫీ పొడిని గట్టిగా అదిమి, 90 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నీటిని సుమారు 9 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు వాతావరణ పీడనానికి దాదాపు తొమ్మిది రెట్ల బలంతో, దాని గుండా పంపితే 25, 30 సెకన్లలో దిగే చిక్కటి డికాక్షనే ఎస్ప్రెసో. ఒక షాటుకు, అంటే ఒక విడత ఎస్ప్రెసోకు, 7 గ్రాముల పొడి, 30 మిల్లీలీటర్ల డికాక్షన్ అన్నది పాత లెక్క. ఇప్పుడు చాలామంది 18 గ్రాముల పొడి వరకు వేసి డబుల్ షాటే తీస్తున్నారు. దాని మీద తేలే లేత గోధుమరంగు నురగను క్రెమా అంటారు. వేయించిన గింజలలో చిక్కుకుని ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి నీటిలో కరిగి, కప్పులో పడగానే సన్నని బుడగలుగా పైకి తేలడం వల్ల అది ఏర్పడుతుంది. ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి ఆంజెలో మోరియొండో 1884లోనే ఇటలీలోని టూరిన్ నగరంలో పేటెంట్ పొందినప్పటికీ, ఈ క్రెమా జనానికి పరిచయమైంది 1940ల చివరిలో, మిలాన్‌కు చెందిన అకిల్లే గాజ్జా లీవరు యంత్రాలు వచ్చిన తరువాతనే.

ఇక పాలు. వీలైతే ఈసారి పాలు వేడిచేసేవారి దగ్గర నిలబడి చెవి పెట్టి వినండి. ఆవిరి గొట్టం కొన పాల మట్టాన్ని తాకీ తాకనట్టు ఉన్నప్పుడు కాగితం చింపుతున్నట్టు సన్నని చప్పుడు వస్తుంది. పాలలోకి గాలి చేరుతున్నది అప్పుడే. కొన్ని సెకన్ల తరువాత గొట్టాన్ని కాస్త లోపలికి దించగానే ఆ చప్పుడు ఆగి పాలు సుడి తిరగడం మొదలవుతుంది, ఆ సుడిలో పెద్ద బుడగలు చితికి కంటికి కనిపించనంత చిన్నవైపోతాయి, పాల పైభాగం తడి రంగు వేసిన గోడలా నిగనిగలాడుతుంది. చప్పుడు ఎంతసేపు సాగితే నురగ అంత ఎక్కువ. 60, 65 డిగ్రీల దగ్గర పాలు నాలుకకు తియ్యగా తగులుతాయి. 70 దాటితే కాగిన వాసన పైకి వచ్చి ఆ తీపి మరుగున పడుతుంది. నా దృష్టిలో ఈ పానీయాలలో మంచిచెడ్డలను తేల్చేది ఈ ఘట్టమే.

కాపుచినోలో గాలి ఎక్కువ. 150 నుంచి 180 మిల్లీలీటర్ల కప్పులో, పైన వేలి మందం నురగ నిలుస్తుంది. ఎస్ప్రెసో, పాలు, నురగ మూడూ సమపాళ్లు అని తరచుగా రాస్తుంటారు గాని, 150 మిల్లీలీటర్ల కప్పులో 30 మిల్లీలీటర్ల షాటు అయిదో వంతే కదా, ఆ లెక్క కుదరదు. కాపుచిన్ అనే క్రైస్తవ సన్యాసుల గోధుమవన్నె అంగీ రంగును బట్టి దానికి ఆ పేరు వచ్చింది. లాటేలో పాలు బాగా ఎక్కువ, కప్పు పెద్దది, నురగ పలుచని పొర మాత్రమే. అందువల్ల కాఫీ రుచి మెత్తబడుతుంది. ఇటాలియన్ భాషలో లాటే అంటే పాలు, కాబట్టి ఇటలీలో ఆ ఒక్క మాటే అంటే పాలగ్లాసు చేతికి రావచ్చు. అక్కడ కఫే లాటే అని పూర్తిగా చెప్పాలి. ఫ్లాట్ వైట్ కాపుచినో అంత కప్పులోనే వస్తుంది గాని, నురగ పలుచన, సాధారణంగా షాటు డబుల్. పాల నునుపూ కాఫీ ఘాటూ రెండూ కావాలనేవారికి నేను దీన్నే సూచిస్తాను. అది తమదంటే తమదని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇప్పటికీ వాదించుకుంటున్నాయి. స్పెయిన్ వారి కోర్టాడోలో కాఫీకి దాదాపు సమానంగా పాలు, నురగ నామమాత్రం.

అందరినీ తికమక పెట్టేది మకియాటో. ఆ ఇటాలియన్ మాటకు మరక పడినది అని అర్థం. ఎస్ప్రెసో మీద చెంచాడు పాల నురగ వేస్తే అది కఫే మకియాటో, అంటే పాల మరక పడిన కాఫీ. పాలగ్లాసులో పైనుంచి ఎస్ప్రెసో పోస్తే అది లాటే మకియాటో, అంటే కాఫీ మరక పడిన పాలు. మొదటిది రెండు గుక్కలు, రెండోది నిండు గ్లాసు. అందుకే మకియాటో అని ఊరుకోకుండా ఏది కావాలో స్పష్టంగా చెప్పడం మంచిది. మోకా అయితే చాక్లెట్ కలిపిన లాటే, అంతే.

ప్రశ్న: అమెరికానో, లుంగో రెండూ నీళ్లు ఎక్కువైన ఎస్ప్రెసోలే కదా, రుచి ఎందుకు వేరుగా ఉంటుంది? – ఒక పాఠకుడు

జవాబు: నీళ్లు ఎక్కడ కలిశాయన్నదే కారణం. అమెరికానోలో షాటు తీయడం పూర్తయ్యాక కప్పులో వేడినీళ్లు కలుపుతారు, కనుక పొడి నుంచి దిగిన సారంలో మార్పు ఉండదు, పలుచబడుతుంది. లుంగోలో ఆ అదనపు నీరు కూడా పొడి గుండానే దిగుతుంది. పులుపు ముందు దిగుతుంది, చేదు చివర దిగుతుంది. అందువల్ల లుంగోకు చేదు ఎక్కువ. తక్కువ నీటితో తొందరగా ఆపేసే రిస్ట్రెటో చిక్కగా ఉండి కూడా అంత చేదుగా అనిపించకపోవడానికీ ఇదే కారణం.

ప్రశ్న: ఎస్ప్రెసోలో కెఫీన్ అన్నింటికన్నా ఎక్కువ అంటారు, నిజమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: చుక్కకు చుక్క పోల్చితే నిజమే. కప్పుకు కప్పు పోల్చితే లెక్క మారుతుంది: 30 మిల్లీలీటర్ల షాటులో సుమారు 63 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటే, కాగితపు వడపోతతో తీసిన 240 మిల్లీలీటర్ల కాఫీలో సుమారు 95 ఉంటుంది. పాలు కెఫీన్‌ను తగ్గించవు, పెంచవు. ఒకే షాటుతో చేసిన లాటేలోనూ కాపుచినోలోనూ ఉండేది ఒకే మోతాదు. తగ్గించుకోదలిస్తే మీరు తీసుకునేదానిలో ఎన్ని షాట్లు పోస్తున్నారో అడగండి.