శాటిలైట్ టెస్టింగ్ ఉద్యోగం డిజైన్ కంటే తక్కువదా?

భీమవరంలో ఈసీఈ మూడో ఏడు చదువుతున్న ఒకరి ప్రశ్న ఇది: శాటిలైట్ టెస్టింగ్‌లో ఉద్యోగం వస్తే చేరొచ్చా, డిజైన్‌లోకి తీసుకోనివాళ్ళే అటు వెళ్తారట కదా అని.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. బెంగళూరులో ఓ ప్రైవేటు సంస్థలో కొన్నేళ్ళుగా ఇదే పని. ఆ మాట అన్నవాళ్ళు క్లీన్‌రూమ్ (దుమ్ము చేరనివ్వకుండా శాటిలైట్ ఉంచే గది) గడప తొక్కి ఉండరు. డిజైన్ చేసినాయన తన బోర్డు చూసుకుంటే చాలు. మాకు బ్యాటరీ నుంచి యాంటెన్నా దాకా అన్నీ తెలియాలి. మన తుపాన్లని ఫొటోలు తీసే ఇన్‌శాట్-3డీఎస్ ఉండేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున. అక్కడికి స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎవరూ వెళ్ళరు కదా.

వైబ్రేషన్ టెస్టులో రాకెట్ కుదుపులన్నీ షేకర్ టేబుల్ మీద ఇస్తాం. మా మార్కెట్లో కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తారే, ఇంచుమించు అదే. అసలు కుదుపుకి ముందోసారి, తర్వాతోసారి మెల్లగా ఊపి, రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తాం. శిఖరం పక్కకి జరిగితే లోపల ఏదో వదులైందని అనుమానం.

ఓపిక కావాల్సింది థర్మోవ్యాక్‌లో, అంటే శూన్యంలో వేడినీ చలినీ తట్టుకుంటుందా అని చూసే టెస్టులో. గాలి తోడేసిన పెద్ద చాంబర్లో, ద్రవ నైట్రోజన్ పారే గోడల మధ్య, రోజుల తరబడి వేడికీ చలికీ తిప్పుతాం. గాలే లేని చోట ఫ్యాను పనిచెయ్యదు. వేడి లోహం వెంట పాకాలి, లేదా రేడియేషన్‌గా పోవాలి. మనుషులం మాత్రం షిఫ్టుల్లో కాపలా.

ఓ రాత్రి చలి దశలో, బ్యాటరీ మీద మేం అంటించిన థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ సెన్సర్) రీడింగు ఉండుండి ఎగిరిపడింది. చాంబర్ తెరిస్తే టెస్టు మొదటికొస్తుంది. రీడింగులు నమోదు చేసే లాగర్‌లో ఆ థర్మోకపుల్‌ని వేరే ఛానెల్‌కి మార్చి చూశాం, ఎగురుడు కూడా దాంతోపాటే వచ్చింది. అంటే లాగర్ తప్పు కాదు. పక్కనే ఉన్న శాటిలైట్ సొంత సెన్సర్ మాత్రం చెక్కుచెదరలేదు, బ్యాటరీ కరెంటూ నిలకడగానే ఉంది. టెస్టంతా అయ్యాక తెరిస్తే థర్మోకపుల్ కనెక్టర్లో పిన్ను వదులు. మా దగ్గర చాలా అనుమానాలు ఇలా టెస్టు సామాను దగ్గరే తేలతాయి. అలాగని ‘సెన్సర్‌దే అయ్యుంటుంది’ అని రాసి వదిలెయ్యడానికి లేదు, రుజువు చూపించాలి. రాత పని చాలా ఎక్కువ. కనెక్టర్ పెట్టినా తీసినా లాగ్‌బుక్‌లో ఎక్కాలి. విసుగనిపిస్తే ఈ పని మీకు పడదు.

సెలవుల మాట కూడా చెప్పాలి. సంక్రాంతికి టెస్టు పడితే ఇంటికి రావడం కుదరదు. అమ్మ ఏటా తిడుతూనే ఉంటుంది.

ఇస్రోలో సైంటిస్ట్/ఇంజనీర్ ఎస్‌సీ పోస్టులకి బీటెక్‌లో 65 శాతం అడుగుతూ వచ్చారు, మార్కులు జారనివ్వకండి. పైథాన్‌లో డేటా గ్రాఫులు గీయడం నేర్చుకోండి. మీ ల్యాబులో స్పెక్ట్రమ్ అనలైజర్ (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే పరికరం) బీరువాలో మూలుగుతుంటే, హెచ్‌ఓడీ గారిని బతిమాలైనా బయటికి తీయించండి.